తక్‌పట్టీ వేరు, తెర వేరు

పోయిన మిర్చి సీజన్‌లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వచ్చింది. కొత్త నంబర్. "అక్కా, మార్కెట్ లింక్ చేసింది మీరేనా?" అని ఒక అబ్బాయి గొంతు. ఔనన్నాను. ఆ పేజీ అడుగున సాయం కోసం నా నంబరే పెట్టాను కాబట్టి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. లింక్ తెరుచుకోవడం లేదనో, బస్తాల లెక్క తప్పు పడిందనో చేస్తుంటారు.

ఈ అబ్బాయి అడిగింది అది కాదు. హన్మకొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడట. వాళ్లది పరకాల వైపు ఊరు. ఆ పొద్దున వాళ్ల నాన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తేజ మిర్చి తెచ్చాడు. కాంటా అయ్యాక మా సాఫ్ట్‌వేర్ నుంచి వాట్సాప్‌లో వెళ్లిన లింక్‌ను కొడుక్కి పంపి, లెక్క సరిగా ఉందో లేదో చూడమన్నాడు. పిల్లవాడు దాన్ని ల్యాప్‌టాప్‌లో తెరిచి, ఎఫ్12 నొక్కి, సర్వర్ నుంచి పేజీకి వచ్చేవన్నీ కనబడే నెట్‌వర్క్ ట్యాబ్ చూశాడు.

"పేజీల లేదు గని, వెనుక జేసన్‌ల ఓల్డ్ బ్యాలెన్స్ అని ఉన్నదక్కా. మా బాపుకు గంత బాకీ ఉన్నదని ఇంట్ల ఎవ్వలకు తెల్వదు. అమ్మకు గూడ తెల్వదు. గది నిజమేనా?"

సర్వర్ నుంచి పేజీకి వివరాలు వచ్చే రూపమే జేసన్. నాకు నోట మాట రాలేదు. నిజమని ఎలా చెప్పను? కాదని ఎలా అనను? "తమ్మీ, అది నీకు కనబడకూడదు. తప్పు నాది. మీ బాపుతో నేనే మాట్లాడతాను" అని మాత్రం అన్నాను. ఫోన్ పెట్టేశాక పది నిమిషాల్లో లింక్ మొత్తం ఆపేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెరకు కావలసినవి పట్టుకునే వ్యూ మోడల్‌కు, ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వివరాలు మోసే డీటీఓకు తేడా ఏమిటని ఎన్ని ఇంటర్వ్యూల్లో అడిగి ఉంటారో! హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్లలో నేనూ ఎంతోమందిని అడిగాను. జవాబు కంఠతా వచ్చు. అయినా నా సొంత పనిలో ఆ తేడాను పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకోలేదో, ఇప్పుడు ఎలా చేస్తున్నానో రాసి పెట్టుకుందామనే ఇది.

పని ఏమిటో ముందు చెప్తాను. ఎనుమాములలో ఒక అడ్తి (కమీషన్ మీద రైతు సరుకు అమ్మిపెట్టే) దుకాణానికి మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తున్నాను. రైతు సరుకు తెస్తాడు, ఖరీదుదారు ధర పెడతాడు, దడ్వాయి తూకం వేస్తాడు, గుమాస్తా లెక్క రాస్తాడు. నా ప్రోగ్రామ్‌లో దీనంతటికీ లాట్ అనే ఒకే క్లాస్, అంటే ఏయే వివరాలు ఉండాలో చెప్పే అచ్చు, ఉండేది. దాన్ని ముగ్గురు చదివేవాళ్లు. ఒకటి, దుకాణంలో గుమాస్తా ముందున్న తెర. రెండు, రైతు ఫోన్‌కు వెళ్లే లింక్. మూడు, హైదరాబాద్‌లో ఈ దుకాణం పద్దులు చూసేవాళ్ల ప్రోగ్రామ్. అది రోజూ రాత్రి నా ఏపీఐని, అంటే వేరే ప్రోగ్రామ్‌లు వివరాలు అడిగే దారిని, పిలిచి ఆ రోజు అమ్మకాలన్నీ తీసుకుంటుంది.

ముగ్గురికీ ఒకే క్లాస్ ఎందుకు పెట్టానంటే, దానికి మా ఇంట్లోనే ఒక నమూనా ఉంది. మా బాపు ఇరవై ఏళ్లకు పైగా ఇంకో అడ్తిలో గుమాస్తాగా చేశాడు. సెలవుల్లో నేను వెంట వెళ్లి గద్దె మూలన కూర్చునేదాన్ని. తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ) పుస్తకంలో కాగితాల మధ్య కార్బన్ పెట్టి, పైన గట్టిగా ఒత్తి రాసేవాడు. రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, మిగతా ఖర్చులు, చివరికి చేతికి వచ్చేది. ఒకసారి రాస్తే రైతుకొకటి, ఖరీదుదారుకొకటి, దుకాణానికొకటి. సాయంత్రానికి ఆయన వేళ్ల కొసలు నీలంగా అయ్యేవి. ఒక్కసారి రాసి ముగ్గురికి ఇవ్వడం కన్నా మంచి పద్ధతి ఏముంటుందని నా మనసులో పడిపోయింది. పైగా మా వృత్తిలో ఒకే విషయాన్ని రెండుచోట్ల రాయొద్దని మొదటి రోజు నుంచీ నూరిపోస్తారు.

అదే గద్దె మీద ఇంకో పుస్తకం కూడా ఉండేది. ఎర్రగుడ్డ అట్ట ఉన్న ఖాతా బుక్కు. ఎవరికి ఎంత అప్పిచ్చారు, ఎంత తీరింది, అన్నీ దాంట్లోనే. బాపు ఒక రైతు ఖాతా తీసి చూస్తుండగా ఇంకో రైతు వచ్చి ఎదురుగా కూర్చుంటే, మాట్లాడుతూనే ఆ పేజీ మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎవరూ ఆయనకు చెప్పి పెట్టించింది కాదు. వాళ్లు లేచి వెళ్లేదాకా ఆ చెయ్యి అక్కడే ఉండేది. కార్బన్ కాగితం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ చెయ్యి గుర్తుకు రావడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టింది.

డీటీఓ, అంటే డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్, తెర కోసం పుట్టింది కాదు. 2000 ప్రాంతంలో పెద్ద జావా అప్లికేషన్లలో ఆబ్జెక్ట్ ఒక మెషీన్‌లో, దాన్ని వాడుకునే కోడ్ ఇంకో మెషీన్‌లో ఉండేవి. పేరు కావాలంటే ఒక కాల్, తూకం కావాలంటే ఒక కాల్, ధరకు ఇంకో కాల్. ప్రతిసారీ నెట్‌వర్క్ దాటి వెళ్లి రావాలి. పది మార్లు తిరగడం ఎందుకు, అన్నీ ఒక మూట కట్టి ఒకేసారి పంపుదాం అన్నదే దాని పుట్టుక. సన్ కంపెనీ జావా ప్యాటర్న్స్‌లో దీన్ని మొదట వాల్యూ ఆబ్జెక్ట్ అన్నారు. ఆ పేరుకు వేరే అర్థం కూడా వాడుకలో ఉండటంతో తర్వాత ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్ అని మార్చారు. మార్టిన్ ఫౌలర్ 2002లో తెచ్చిన పుస్తకంలో డేటా ట్రాన్స్‌ఫర్ ఆబ్జెక్ట్ అనే ఉంది. దానికి తెలివితేటలు అక్కర్లేదు. మోసుకెళ్లాలి, అంతే.

వ్యూ మోడల్ కథ వేరు. ఫౌలర్ 2004లో ప్రెజెంటేషన్ మోడల్ అని ఒకటి రాశారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్‌లో జాన్ గాస్‌మన్ డబ్ల్యూపీఎఫ్ (విండోస్ అప్లికేషన్ల తెరలు చేసే సాధనం) స్క్రీన్ల కోసం మోడల్-వ్యూ-వ్యూమోడల్ అన్న పద్ధతిని వివరించారు. అక్కడ వ్యూ మోడల్‌కు చాలా పని ఉంటుంది. ఏ వరుస ఎంచుకున్నారు, సేవ్ బటన్ ఇప్పుడు నొక్కనివ్వాలా వద్దా, ఇవన్నీ దాని దగ్గరే ఉంటాయి, ఏదైనా మారితే తెరకు అదే కబురు చేస్తుంది. 2009లో వెబ్‌సైట్లు కట్టే ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ వచ్చాక, ఒక పేజీకి కావలసిన వివరాలు పట్టుకునే మామూలు క్లాస్‌ను కూడా వ్యూ మోడల్ అనడం మొదలైంది. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్‌కు వ్యూమోడల్ తెచ్చింది. ఫోన్ అడ్డంగా తిప్పినా స్క్రీన్ మీది వివరాలు పోకుండా కాపాడటం దాని ముఖ్యమైన పని. పేరొకటే, పనులు మూడు. కొత్తగా చేరిన పిల్లలు తికమక పడుతున్నారంటే తప్పు వాళ్లది కాదు.

నా లాట్ క్లాస్ ఎలా చెడిపోయిందో చెప్తాను. ఒక్క రోజులో కాలేదు.

గుమాస్తాకు మొత్తం సొమ్ము కామాలతో కావాలి. 14 క్వింటాళ్ల 35 కిలోలు, క్వింటాకు 18,200 అనుకుందాం. మొత్తం 261170 అని కనబడితే ఆయన వేలితో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. 2,61,170 అని ఉంటే ఒక్క చూపుకే రెండు లక్షల అరవై ఒక్క వేలని తెలిసిపోతుంది. సరేనని ఆ ప్రాపర్టీని (క్లాస్‌లోని ఆ గడిని) అంకె నుంచి అక్షరాల స్ట్రింగ్‌గా మార్చి కామాలు పెట్టేశాను. తెర బ్రహ్మాండంగా కనబడింది. ఆ రాత్రి హైదరాబాద్ ప్రోగ్రామ్ ఆ స్ట్రింగ్‌ను తీసుకుని, రాతను అంకెగా మార్చే జావాస్క్రిప్ట్ పార్స్‌ఫ్లోట్‌కు ఇచ్చింది. పార్స్‌ఫ్లోట్ మొదటి కామా దగ్గర ఆగిపోతుంది. ఎర్రర్ ఏమీ ఇవ్వదు. 2 అని తిరిగి ఇస్తుంది. తెల్లారి పద్దుల్లో పద్నాలుగు క్వింటాళ్ల మిర్చి రెండు రూపాయలకు అమ్ముడుపోయినట్టు పడింది.

అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. హడావిడిలో అంకెకు ఒక ప్రాపర్టీ, కామాల స్ట్రింగ్‌కు ఇంకో ప్రాపర్టీ పెట్టి, అదే క్లాస్‌లో సర్దేశాను. తర్వాత సాయంత్రం దాకా కాంటా కాని లాట్లు ఎర్రగా కనబడాలన్నారు. అదే క్లాస్‌లో ఎర్ర రంగుకు ఒక ఔను-కాదు పెట్టాను. పద్దుల ప్రోగ్రామ్‌కు ఎర్ర రంగుతో ఏం పని? అయినా రోజూ రాత్రి అది కూడా వెళ్తూనే ఉంది. ఆ తర్వాత, రైతుకు డబ్బు ఇచ్చేటప్పుడు పాత బాకీ ఎంతుందో పక్కనే కనబడితే ఖాతా బుక్కు తీసే పని తప్పుతుందని గుమాస్తా అడిగాడు. సబబైన కోరికే. ఒక ప్రాపర్టీ చేర్చాను. ఐదు నిమిషాల పని కూడా కాదు.

ఆ ప్రాపర్టీ అదే రోజు నుంచి రైతు లింక్ వెనకాల జేసన్‌లో కూడా వెళ్లడం మొదలైంది. పేజీ మీద చూపించేవి తొమ్మిది వివరాలే. చూపించనిది పంపనట్టే అనుకున్నాను. తెర మీద లేకపోవడం వేరు, పంపకపోవడం వేరు. పైగా ఆ లింక్ ఒక్క రైతు దగ్గరే ఉండదు. ఆటో ట్రాలీ మాట్లాడుకున్న నలుగురు రైతుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది, ఊళ్లో ధర ఎంత పడిందో చూపించడానికి ఇంకొకరికి పోతుంది.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్లాను. యజమానికి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. పదిన్నరకు ఆ రైతు డబ్బు కోసం వచ్చాడు. యాభై దాటిన మనిషి. మిర్చి ఘాటుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పక్కకు తీసుకెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన చాలాసేపు కండువా కొసతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. తర్వాత, "పోరనికి జెప్పుదామనే అనుకున్న బిడ్డా. గని అది నేను జెప్పాలె గద" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. తక్‌పట్టీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా లాట్ క్లాస్‌ను విడగొట్టడమే పని. డేటాబేస్‌కు సంబంధించిన లాట్ అలాగే ఉంది, అది ఇక బయటికి పోదు. పద్దుల ప్రోగ్రామ్‌కు ఒక డీటీఓ. దాంట్లో సొమ్ము పైసల్లో పూర్తి అంకెగా, అంటే 2,61,170 రూపాయలు 26117000గా వెళ్తుంది. తూకం కిలోల్లో. తేదీ 2024-02-12 లాంటి అంతర్జాతీయ పద్ధతిలో. కామాలు లేవు, రంగులు లేవు, సోమవారం అన్న మాట కూడా లేదు. గుమాస్తా తెరకు ఒక వ్యూ మోడల్. ఎర్ర రంగు, పాత బాకీ, క్వింటాళ్లు-కిలోలుగా రాసిన తూకం, అన్నీ అక్కడే ఉంటాయి. రైతు పేజీకి ఇంకోటి, తొమ్మిది వివరాలతో.

ఈ మూడింటిలో రైతు పేరు, బస్తాలు, తూకం, ధర మళ్లీ మళ్లీ వస్తాయి. నాతో పనిచేసే తమ్ముడు చూసి, ఒకే విషయం మూడుచోట్ల రాస్తున్నాం కదా అక్కా అన్నాడు. నేనూ ఇన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఒక క్లాస్ ముందు కూర్చున్నప్పుడు నన్ను నేను అడిగేది ఒకటే: దీంట్లో ఒక పేరు మార్చాలంటే ఎవరిని అడగాలి? పద్దుల డీటీఓలో తూకం అన్న పేరు మార్చాలంటే హైదరాబాద్‌కు ఫోన్ చేసి, తేదీ అనుకుని, ఇద్దరం ఒకే రోజు మార్చుకోవాలి. అది ఇద్దరి మధ్య ఒప్పందం. గుమాస్తా తెర వ్యూ మోడల్‌లో మార్చాలంటే గుమాస్తా ఒక్కడు సరే అంటే చాలు; ఆయనకైతే మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి తోస్తుంటుంది. రెండింటినీ ఒకే క్లాస్‌లో కట్టేస్తే, గుమాస్తా ముచ్చట కోసం హైదరాబాద్ వాళ్లను నిద్ర లేపాలి. పేర్లు ఒకేలా ఉన్నంత మాత్రాన అవి ఒకే విషయం కావు. మారడానికి వాటి కారణాలు వేరువేరుగా ఉన్నాయి.

బాపు తక్‌పట్టీ కూడా ఆ లెక్కన డీటీఓ లాంటిదే. ముగ్గురికీ ఒకేలా ఉండాలి, ముగ్గురూ ఒప్పుకున్న గళ్లే ఉండాలి. నేను చేసిన పొరపాటు ఆ కార్బన్ కాగితం కింద ఖాతా బుక్కును కూడా పెట్టడం.

కొందరికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. రైతు పేజీ బ్రౌజర్‌లోనే తయారయ్యే రియాక్ట్‌లో ఉంది, వివరాలు ఏపీఐ నుంచి జేసన్‌గా నెట్‌వర్క్ దాటి వెళ్తున్నాయి, మరి అది డీటీఓ కాదా అని. నిజమే, దాటుతుంది కాబట్టి పుట్టుక ప్రకారం అది డీటీఓనే. అయితే దాన్ని చదివేది ఆ ఒక్క పేజీయే. ఏపీఐ నాదే, పేజీ నాదే, రెండూ ఒకే రోజు సర్వర్ ఎక్కుతాయి. అందుకని దాని ఆకారాన్ని పేజీ అవసరమే నిర్ణయిస్తుంది. మా కోడ్‌లో దానికి రైతు పేజీ అనే పేరు పెట్టాను, ఏ కుటుంబానికి చెందిందన్న వాదనలోకి పోలేదు. అంకెలు మాత్రం అంకెలుగానే పంపుతున్నాను. భారత్ లోకేల్ (దేశపు రాత పద్ధతి) ఇస్తే జావాస్క్రిప్ట్ నంబర్ ఫార్మాటరే లక్షల దగ్గర కామా సరిగ్గా పెడుతుంది. తెలుగులో తేదీ రాయడం కూడా బ్రౌజర్‌లోనే. రేపు హైదరాబాద్ వాళ్లు కూడా ఆ చిరునామానే వాడుకుంటామంటే ఇవ్వను. వాళ్లకు వాళ్లది ఉంది.

ప్రతిచోటా రెండూ ఉండాలని మాత్రం అనను. గుమాస్తా తెర సర్వర్‌లోనే తయారయ్యే రేజర్ పేజీ. డేటాబేస్ లాట్, వ్యూ మోడల్ ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్‌లో, ఉన్నాయి. మధ్యలో డీటీఓ పెడితే అది ఎక్కడికీ వెళ్లదు, ఒక గది నుంచి పక్క గదికి లారీ మాట్లాడుకున్నట్టు ఉంటుంది. హైదరాబాద్‌లో పనిచేసిన ఒకచోట అదే ఇరవై ప్రాపర్టీలను నాలుగు పొరల్లో నాలుగుసార్లు కాపీ చేసేవాళ్లం. ఒక కొత్త గడి చేర్చాలంటే ఏడు ఫైళ్లు తెరవాలి. అలసిపోయి చివరికి అందరూ ఎంటిటీనే (డేటాబేస్ క్లాస్‌నే) నేరుగా పంపేయడం మొదలుపెట్టారు. పొరలు అతిగా పెడితే జరిగేది అదే. ఒకే ప్రాసెస్‌లో డీటీఓలు వాడొద్దని ఫౌలర్ కూడా తర్వాత విడిగా రాశారు.

మ్యాపింగ్, అంటే ఒక క్లాస్ వివరాలను ఇంకోదాంట్లో నింపే విషయానికొస్తే, రైతు పేజీకి మాత్రం చేతితోనే రాస్తున్నాను. ఆటోమ్యాపర్ లాంటివి పేరు కలిస్తే చాలు నింపేస్తాయి. చాలాచోట్ల అది సుఖమే. ఇక్కడ నాకు ఆ సుఖం వద్దు. డేటాబేస్‌ను అడిగే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ క్వెరీలోనే సెలెక్ట్ పెట్టి ఆ తొమ్మిది కాలమ్‌లనే తెస్తున్నాను. బాకీ కాలమ్ డేటాబేస్ దాటి బయటికి రాదు, ఇక జారిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు. తొమ్మిది వరుసల కోడ్ టైప్ చేయడానికి రెండు నిమిషాలు.

లోపలికి వచ్చే దారిని కూడా అప్పుడే చూసుకున్నాను. గుమాస్తా ధర సరిచేసే ఫారం నేరుగా లాట్ ఎంటిటీకే కట్టి ఉంది. ఫారంలో ధర గడి ఒక్కటే కనబడుతుంది గానీ, ఎవరైనా రిక్వెస్ట్‌లో పాత బాకీ సున్నా అని ఒక ముక్క అదనంగా కలిపి పంపితే సర్వర్ దాన్నీ నింపేస్తుంది. దీన్నే ఓవర్‌పోస్టింగ్ అంటారు. 2012 మార్చిలో, అందరూ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో, రైల్స్ (వెబ్‌సైట్లు కట్టే సాధనం) మాస్ అసైన్‌మెంట్ అనే ఇలాంటి లోపాన్ని చూపించడానికి ఒక యువకుడు తన కీని రైల్స్ సంస్థ ఖాతాకు చేర్చుకుని వాళ్ల కోడ్‌లో మార్పు కమిట్ చేసి చూపించాడు. ఆ తర్వాత రైల్స్ 4లో, ఏ గడులను అనుమతిస్తామో ముందే చెప్పాలన్న పద్ధతి మామూలైంది. మా ఫారానికి ఇప్పుడు లాట్ నంబర్, కొత్త ధర, కారణం అన్న మూడే ఉన్న చిన్న ఇన్‌పుట్ క్లాస్ ఉంది. నాలుగోది పంపినా పట్టుకునే చోటు లేదు.

చివరగా ఒక టెస్ట్ రాశాను. రైతు పేజీ జవాబును తెప్పించి, జేసన్‌లో ఉన్న పేర్లన్నీ తీసి, నేను చేతితో రాసిన తొమ్మిది పేర్లతో పోలుస్తుంది. పది ఉంటే బిల్డ్ (కొత్త కోడ్‌ను సర్వర్‌కు సిద్ధం చేసే పని) ఆగిపోతుంది. ఎనిమిది ఉన్నా ఆగిపోతుంది. పదోది చేర్చాలంటే ఎవరైనా ఆ జాబితా తెరిచి చేతితో రాయాల్సిందే. ఆ జాబితా మీద ఒక కామెంట్ పెట్టాను: ఈ లింక్ ఊళ్లో పది మంది చూస్తారు, వాళ్లలో ఇంటివాళ్లు కూడా ఉంటారు.

ఈ ఏడు జనవరిలో మొదటి తేజ బస్తాలు దిగిన వారం ఆ అబ్బాయి నుంచి మెసేజ్ వచ్చింది. నెట్‌వర్క్ ట్యాబ్ స్క్రీన్‌షాట్, కింద "తొమ్మిదే ఉన్నయక్కా" అని. వాళ్ల బాపు సంగతి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఇప్పుడు దుకాణం యజమాని ఇంకోటి అడుగుతున్నాడు. కొందరు రైతులు తమ బాకీ ఎంతుందో తామే ఫోన్‌లో చూసుకుంటామంటున్నారట, ఆ లింక్‌లోనే పెట్టమంటాడు. ఆ లింక్‌లో పెట్టనని చెప్పాను. వేరే చిరునామా, ఓటీపీ, వేరే వ్యూ మోడల్. ఓటీపీ రైతు సొంత నంబర్‌కే వెళ్లాలి గానీ, మా దగ్గరున్న నంబర్లలో చాలా వరకు కొడుకులవి, అల్లుళ్లవి. ఈ వారం గుమాస్తాతో కూర్చుని ఏ నంబర్ ఎవరిదో ఒక్కొక్కటిగా రాసుకుంటున్నాం.